ఫర్నేస్ ఆన్ అయితే ఎండుచేపల వాసన... మా ఇంట్లో గుడ్డు కూడా వండం!

ఎడిసన్_కొత్తిల్లు (న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. మొన్న వేసవిలో టౌన్‌హౌస్ కొన్నాం, సొంతింట్లో ఇదే మొదటి చలికాలం. ఇల్లంతా వేడిగాలి పంపే గ్యాస్ ఫర్నేస్, బేస్‌మెంట్‌లో ఉంది. అక్టోబర్‌లో మొదటిసారి హీట్ వేసినప్పుడు దుమ్ము కాలిన కమురు వాసన వచ్చి కాసేపట్లో పోయింది. అది మామూలేనని అపార్ట్‌మెంట్ రోజుల నుంచీ తెలుసు. ఇప్పుడొచ్చేది అది కాదు. రాత్రిళ్ళు చలి ముదిరి హీట్ ఆగకుండా నడిచినప్పుడు నీచు వాసన వస్తోంది. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ "పక్కవాళ్ళు ఎండుచేపలు వేయిస్తున్నట్టున్నార్రా" అంటోంది. పక్కిల్లు ఖాళీ! నాకూ మా ఆవిడకీ అంతగా తెలియట్లేదు. అమ్మ మాత్రం హాల్లో వెంట్ దగ్గర నిలబడి "ఇదిగో, ఇందులోంచే" అని చూపిస్తోంది. ఫర్నేస్‌కి పదిహేనేళ్ళని ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్‌లో రాశారు. ఎవరికైనా ఇలా వచ్చిందా? వీకెండ్ దాకా ఆగొచ్చా?

కరీంనగర్_టు_నేపర్‌విల్ (ఇల్లినాయ్)
అన్నా, గాలి పోయే గొట్టం, గా డక్టుల ఎలుక గిట్ల సచ్చిందేమో సూడు. మాకు పోయినేడు గిదే కథ. హీట్ రాంగనే ఇల్లంత కంపు. గాలి ఎనకకు గుంజే రిటర్న్ గ్రిల్ ఇప్పి టార్చి కొడితే మూలకు కనిపించింది. పరేషాన్ గాకు, వీకెండ్ దాక ఏం గాదు.

పప్పుచారు (కొలంబస్, ఒహాయో)
ఫిల్టర్ తీసి చూశారా అండీ? మన వంటకి ఇక్కడి ఫిల్టర్లు తొందరగా చేతులెత్తేస్తాయి. మా స్టవ్ మీద హుడ్ బయటికి పంపే రకం కాదు, పీల్చి మళ్ళీ మన మొహానే ఊదే రకం. రోజూ పెట్టే పోపు, ఆదివారం గారెల నూనె పొగ అంతా రిటర్న్ వెంట్‌లోకే పోతుంది. ఫిల్టర్ తీస్తే బూడిద రంగుకి బదులు పసుపు పచ్చగా, వేలికి జిడ్డుగా తగులుతుంది. గాలి దానిలోంచి వచ్చినప్పుడల్లా మాగిపోయిన నూనె వాసనే. మెర్వ్ 13 ఫిల్టర్ తెచ్చి వేసేయండి, వాసనలన్నీ ఆపేస్తుంది.

ఫర్నేస్_మావయ్య (మిషిగన్)
> వీకెండ్ దాకా ఆగొచ్చా?

ఆగొద్దు. ఇది చదవగానే వెళ్ళి ఫర్నేస్ ఆపండి, మిగతాది తర్వాత చదవచ్చు.

ఆపారా? ఇప్పుడు చెప్తాను. నేను హీటింగ్ పనిలోనే ఉన్నాను, చాలాకాలంగా. చచ్చిన ఎలుకది కుళ్ళు కంపు. ఫర్నేస్ నడిచినా ఆగినా అది ఉంటుంది, రోజురోజుకీ పెరిగి ఆ తర్వాత తగ్గుతుంది. మీ అమ్మగారు చెప్పింది హీట్ గట్టిగా నడిచినప్పుడే వచ్చే నీచు. వైర్ల తొడుగు, కనెక్టర్ల ప్లాస్టిక్, సర్క్యూట్ బోర్డ్ అతిగా వేడెక్కితే చాలామంది ముక్కుకి చేపల వాసనే కొడుతుంది. మంట, పొగ వచ్చే ముందు దశ అది. చేపలు తినే అలవాటు లేనివాళ్ళు ఇంకా తొందరగా పట్టేస్తారు. అమ్మగారి ముక్కుని నమ్మండి.

థర్మోస్టాట్‌లో ఆఫ్ నొక్కితే చాలదు, లోపలి బోర్డ్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది. ఫర్నేస్ పక్కనే మామూలు లైట్ స్విచ్ లాంటిదొకటి ఉంటుంది. కొన్ని ఇళ్ళలో దాని ప్లేటు ఎర్రగా ఉంటుంది, కొన్నిటిలో బేస్‌మెంట్ మెట్ల పైన పెడతారు. అది దొరక్కపోతే ప్యానెల్‌లో ఫర్నేస్ అని రాసిన బ్రేకర్ దించండి. పొగ కనిపించినా, ఫర్నేస్ రేకు దగ్గర నల్లగా మాడినట్టున్నా అందరూ బయటికొచ్చి 911కి ఫోన్ చెయ్యండి.

ఇంకో మాట. ఆపిన తర్వాత కూడా వాసన అలాగే ఉంటే దోషం ఫర్నేస్‌ది కాకపోవచ్చు. ఏ ప్లగ్గో, ఏ స్విచ్చో గోడలో కాగుతూ ఉండొచ్చు. ఆ గదిలో స్విచ్ ప్లేట్ల మీద చెయ్యి వేసి చూడండి, వెచ్చగా తగిలిన చోట ఎలక్ట్రీషియన్‌తో పని.

పప్పుచారు గారూ, మెర్వ్ నంబర్ ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్ము కణాల్ని ఆపుతుందో చెప్పేది, వాసనల కోసం కాదు. అంగుళం మందం స్లాట్‌లో మెర్వ్ 13 పెడితే పాత ఫర్నేస్‌లు కొన్నిటికి గాలి చాలదు. గాలి చాలకపోతే మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ అతిగా కాగుతుంది, అతివేడికి మంట ఆపే లిమిట్ స్విచ్ పడి బర్నర్ మాటిమాటికీ ఆగి వెలుగుతుంది. వాసన పోవడం అటుంచి కొత్త వాసన మొదలవుతుంది. ఫిల్టర్ మాట మాత్రం మీరన్నది నిజం. మన ఇళ్ళలో అంగుళం ఫిల్టర్ ప్యాకెట్ మీద రాసిన మూడు నెలలు ఆగదు. నెలకోసారి తీసి వెలుతురుకి పట్టి చూడండి. ఫిల్టర్ మీది బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి.

పప్పుచారు
అలాగా! మా ఇంట్లో ఇప్పుడున్నది మెర్వ్ 13యే. హీట్ కాసేపు రావడం, ఆగడం, మళ్ళీ రావడం... థర్మోస్టాట్ పాడైందనుకుంటున్నాం.

ఫర్నేస్_మావయ్య
రేపు మెర్వ్ 8 వేసి చూడండమ్మా. అప్పటికీ అలాగే ఉంటే ఎవరినైనా పిలవండి.

ఎడిసన్_కొత్తిల్లు
స్విచ్ దొరికింది, ఆపేశాను. కాసేపటికి వాసన తగ్గిందని అమ్మ అంది. ఉత్తి ప్లాస్టిక్ వాసనని ఎండుచేపలన్నందుకు నవ్వుకుంటోంది కూడా. టెక్నీషియన్ రేపు పొద్దున వస్తానన్నాడు. ఈ రాత్రికి స్పేస్ హీటర్ ఉంది. ఇది గ్యాస్ లీకేమో అన్న అనుమానం అక్కర్లేదు కదా?

ఫర్నేస్_మావయ్య
స్పేస్ హీటర్‌ని నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. 1500 వాట్లంటే 120 వోల్టుల మీద పన్నెండున్నర ఆంపియర్లు, చవక ఎక్స్‌టెన్షన్ తీగ రాత్రంతా మోయలేదు. రేపు రెండో ఎండుచేపల వాసన వస్తుంది.

గ్యాస్ వాసన మనవాళ్ళకి కొత్త కాదు. ఊళ్ళో సిలిండర్ మార్చేటప్పుడు గుప్పుమనే మురిగిన కోడిగుడ్డు వాసనే ఇక్కడా. అసలు గ్యాస్‌కి ఏ వాసనా ఉండదు, లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ జాతి రసాయనాలు కలుపుతారు. తేడా ఒకటుంది. మన సిలిండర్‌లోది ఎల్‌పీజీ, గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. ఇక్కడ పైపులో వచ్చే నేచురల్ గ్యాస్ తేలిక, పైకి పోతుంది. అందుకే నేచురల్ గ్యాస్ డిటెక్టర్‌ని సీలింగ్ దగ్గర పెట్టమంటారు, ప్రొపేన్ ట్యాంకు వాడే పల్లె ఇళ్ళలో నేల దగ్గర.

ఫర్నేస్ వెలిగేటప్పుడు ఒక్క క్షణం లీలగా వచ్చి పోయినా ఆ సంగతి టెక్నీషియన్‌కి చెప్పాలి, బర్నర్ ఆలస్యంగా అంటుకుంటోందేమో చూస్తారు. నిలిచి ఉండే వాసన మాత్రం వేరే లెక్క. లైటు వెయ్యొద్దు, వేసిన లైటు ఆపొద్దు, లోపల ఫోన్ చెయ్యొద్దు, గరాజ్ తలుపు మోటర్ నొక్కొద్దు. ఉన్న పళాన అందరూ బయటికొచ్చి, దూరంగా నిలబడి గ్యాస్ కంపెనీకో 911కో ఫోన్ చెయ్యాలి. లీకు చూడటానికి గ్యాస్ కంపెనీ వాళ్ళు అర్ధరాత్రి కూడా వస్తారు, డబ్బు అడగరు. "ఉత్తినే పిలిచామేమో" అని మొహమాటపడతారు మనవాళ్ళు. ఆ మొహమాటం వద్దు.

"ఇప్పుడు వాసన తగ్గింది" అని లోపల కూర్చోవద్దు కూడా. ఆ వాసనకి ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది. గ్యాస్ అక్కడే ఉంటుంది, తెలియడం మానేస్తుంది.

డల్లాస్_చలి (టెక్సస్)
గ్యాస్‌కి వాసన కలపడం ఇంత పట్టింపుగా మారడానికి కారణం మా టెక్సస్‌లోనే ఉంది. 1937 మార్చి 18న తూర్పు టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్ళో బడి పేలిపోయింది. ఆయిల్ బావుల నుంచి వచ్చే గ్యాస్‌ని హీటింగ్‌కి వాడుకునేవారు. అది నేల కింద లీకై నిండిపోయింది, వాసన లేదు కనక ఎవరికీ తెలియలేదు. సుమారు 300 మంది, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలిపి తీరాలని ఇక్కడ చట్టం చేశారు.

కోవిడ్ తర్వాత మా ఇంట్లో ఒకరికి వాసన సరిగ్గా తిరిగి రాలేదు. అలాంటి వాళ్ళున్న ఇళ్ళలో, పెద్దవాళ్ళున్న ఇళ్ళలో గ్యాస్ డిటెక్టర్ పెట్టుకోవడం మంచిది. కార్బన్ మోనాక్సైడ్ అలారం గ్యాస్ లీకుని పట్టదు. రెండూ వేర్వేరు, పెట్టె మీద చదివి కొనండి.

నూనెట్యాంకు (కనెక్టికట్)
మాది ఆయిల్ ఫర్నేస్, ఈ చర్చలో ఒంటరివాణ్ణి. ట్యాంకు నింపిన రోజు డీజిల్ వాసన కాస్త వస్తుంది, మర్నాటికి పోతుంది. పోకుండా వెంట్లలోంచి వస్తూనే ఉంటే నూనె ఎక్కడో కారుతోందని, లేదా నాజిల్ పూడిపోయి సరిగ్గా మండట్లేదని. ఏటా నాజిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించకపోతే ఒకరోజు బర్నర్ ఢామ్మని అంటుకుని మసంతా ఇంట్లోకి ఊదుతుంది. పఫ్‌బ్యాక్ అంటారు. మా వీధిలో ఒకరింట్లో కర్టెన్ల నుంచి దేవుడి పటాల దాకా నల్లబడ్డాయి. రీసెట్ బటన్ ఒకసారి నొక్కి వెలగకపోతే మళ్ళీ మళ్ళీ నొక్కకండి. నొక్కిన ప్రతిసారీ లోపల నూనె చేరుతుంది.

మోడరేటర్
99 డాలర్లకి డక్ట్ క్లీనింగ్ కూపన్ అంటూ పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి ఈ థ్రెడ్‌లో ప్రకటనలు వద్దు.

ఫర్నేస్_మావయ్య
మోడరేటర్ గారికి థాంక్స్. ఆ రేటుకి వచ్చేవాళ్ళు వచ్చాక ఫంగస్ ఉందని భయపెట్టి రేటు పెంచడం చాలాసార్లు చూశాను. డక్ట్ క్లీనింగ్‌తో ఆరోగ్య సమస్యలు ఆగుతాయని రుజువు కాలేదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెబుతుంది. ఎలుకలు చేరితేనో, కంటికి కనిపించేంత ఫంగస్ ఉంటేనో చేయించండి. ఇంట్లో ప్లాస్టిక్ కాలుతున్న వాసనకి డక్ట్ క్లీనింగ్ ఏం చేస్తుంది?

భాగ్యనగర్_వాసి (హైదరాబాద్)
ఫర్నేస్‌లు మాకు తెలియవు కానీ ఈ నీచు వాసన నాకు బాగా తెలుసు. మా బాత్రూం గీజర్ 2000 వాట్లది, ఇల్లు అద్దెకిచ్చినాయన దాన్ని చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గుకి కలిపాడు. అది దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. చలికాలం మొదలవగానే సాకెట్ మొహం పచ్చబడింది, ఇదే వాసన. 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగిన మందం వైరు వేయించాక పోయింది.

నా ప్రశ్న గ్యాస్ గీజర్ గురించి. మా చుట్టాలింట్లో చిన్న బాత్రూంలోనే బిగించారు. స్నానం చేసొస్తే తలనొప్పి అంటున్నారు. గ్యాస్ వాసన మాత్రం ఏమీ లేదట. మరి కారణం ఏమై ఉంటుంది?

ఫర్నేస్_మావయ్య
అయ్యా, ఈ రోజే దాన్ని వాడటం ఆపించండి. వాసన రాకపోవడం ఇక్కడ ధైర్యం చెప్పే సంగతి కాదు. తలుపూ కిటికీ మూసిన చిన్న గదిలో మంట మండితే ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ రుచీ వాసనా ఏవీ లేవు. మన దగ్గర గ్యాస్ గీజర్ బాత్రూముల్లో, కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకు పడుకున్న గదుల్లో ప్రాణాలు పోయిన వార్తలు చలికాలం వస్తే చదువుతూనే ఉంటాం. గీజర్ గది బయట, గాలి ఆడే చోట ఉండాలి. పొగ గొట్టం బయటికి పోవాలి. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఇంట్లో ఒకరికి మించి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతోందంటే అనుమానించాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌నే.

ఇక్కడి వాళ్ళకి కూడా ఇదే చెప్తున్నాను. ఫర్నేస్ హీట్ ఎక్స్ఛేంజర్ పగిలినా, పొగ గొట్టం మూసుకుపోయినా ఇంట్లోకి వచ్చేది అదే. సరిగ్గా మండని మంటతో పాటు ఒక్కోసారి కళ్ళు మండించే ఘాటు వాసన వస్తుంది. అది వస్తే మన అదృష్టం. రాకపోతే అలారమే దిక్కు. బర్నర్ మంట నీలంగా నిలకడగా ఉండాలి. పసుపుగా ఊగుతున్నా, చుట్టూ మసి కనిపించినా ఆపి పిలవండి. బయట గోడలోంచి తెల్ల పీవీసీ గొట్టాలు వచ్చే కొత్త రకం ఫర్నేస్ అయితే, మంచు పడ్డ ప్రతిసారీ కారు కంటే ముందు ఆ గొట్టాల నోళ్ళు తవ్వండి.

అలారం గురించి ఒకటి తెలుసుకోండి. ఈ అలారాలకి ఇక్కడున్న యూఎల్ 2034 అనే భద్రతా ప్రమాణం ప్రకారం గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 70 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 70 పాళ్ళు) ఉంటే అలారం గంట నుంచి నాలుగు గంటల లోపు మోగాలి. 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాలు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాలు. అంటే అది మోగిందంటే అప్పటికే కొంతసేపుగా పీలుస్తున్నట్టే. "బ్యాటరీ పోయినట్టుంది" అని పీకి సొరుగులో పడెయ్యకండి. వరసగా నాలుగు బీప్‌లు వినిపిస్తే కార్బన్ మోనాక్సైడ్, మూడు బీప్‌లైతే పొగ. నిమిషానికోసారి కీచుమంటే అది బ్యాటరీయో, అలారం కాలం తీరడమో. వెనక తయారీ తేదీ ఉంటుంది, తిప్పి చూడండి.

డల్లాస్_చలి
2021 ఫిబ్రవరి మంచు తుపానులో ఇక్కడ కరెంటు పోయినప్పుడు ఇదే జరిగింది. బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్ళు, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్ళు ఎందరో ఆస్పత్రి పాలయ్యారు. హ్యూస్టన్‌లో ప్రాణాలు కూడా పోయాయి.

భాగ్యనగర్_వాసి
ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. రేపు ప్లంబర్‌ని పిలిచి బయట బాల్కనీలోకి మార్పిస్తామన్నారు. అందాకా బకెట్‌లో నీళ్ళు స్టవ్ మీదే.

ఎడిసన్_కొత్తిల్లు
టెక్నీషియన్ వచ్చి వెళ్ళాడు. కింది తలుపు తీసి టార్చి వేయగానే కనిపించింది. బ్లోయర్ మోటర్ వైరు బోర్డ్‌కి తగిలించే చోట కనెక్టర్ వదులైంది. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక పక్కంతా బెల్లం రంగుకి తిరిగింది, అందులో ఒక పిన్ను నల్లబడింది, పక్క వైరు తొడుగు కరిగి ఉబ్బింది. అమ్మని పిలిచి చూపించాను. దగ్గరికి వెళ్ళి వాసన చూసి "ఇదే!" అని వెనక్కి జరిగింది.

ఊరికే కనెక్టర్ మార్చి వెళ్ళిపోలేదు, అది నాకు నచ్చింది. కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే మోటర్ దాని ప్లేటు మీద రాసిన దానికంటే ఎక్కువ ఆంపియర్లు లాగుతోంది. మోటర్ బేరింగు బిగిసిందట, ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము పొరలు కట్టి ఉంది. మోటర్, బోర్డ్, ఆ వైర్ల కట్ట మార్చాడు, ఫ్యాన్ కడిగాడు. పొగ గొట్టం దగ్గరా, హాల్లో వెంట్ దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ మీటర్ పెట్టి నంబర్లు బిల్లు మీద రాసిచ్చాడు. అంతకుముందు ఫోన్ చేసిన ఇంకో కంపెనీ చూడకుండానే "పదిహేనేళ్ళదా, కొత్తది వేసుకోండి" అంది. రాత్రంతా నడిపాం, వాసన లేదు. మావయ్య గారూ, చాలా థాంక్స్ అండీ.

కరీంనగర్_టు_నేపర్‌విల్
ఎలుక గాదన్నమాట! మంచిగైంది అన్నా. అమ్మకు దండం పెట్టు.

మావయ్యా, నాది గూడ ఒక ముచ్చట. బేస్‌మెంట్ల ఫర్నేస్ కాడ మురుగు కంపు వస్తున్నది. గ్యాసోళ్ళను పిలిస్తే మీటర్ పెట్టి సూసి లీకు లేదని పోయిండ్రు. వేడినీళ్ళ నల్లాల వాసన లేదు. సలికాలంలనే వస్తది, ఎండకాలం ఉండది.

ఫర్నేస్_మావయ్య
గ్యాస్ వాళ్ళని ముందు పిలవడం మంచి పని. రెండు వాసనలూ దగ్గర దగ్గరగా ఉండి చాలామంది పొరబడతారు. వేడినీళ్ళ నల్లాలోనే వచ్చుంటే వాటర్ హీటర్‌లో యానోడ్ రాడ్ (ట్యాంకుకి తుప్పు పట్టకుండా పెట్టే లోహపు కడ్డీ) సంగతి చూడమనేవాణ్ణి. మీది ఫ్లోర్ డ్రెయిన్ అనుకుంటాను. ఫర్నేస్ దగ్గర నేలలో జాలీ ఉంటుంది, దాని కింద వంపు తిరిగిన గొట్టంలో నీళ్ళు నిలిచి మురుగు గాలిని ఆపుతాయి. వేసవిలో ఏసీ నీళ్ళు అందులో పడుతుంటాయి కనక నిండుగా ఉంటుంది. చలికాలంలో ఏసీ నడవదు, గాలి పొడి, ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. ఒక బకెట్ నీళ్ళు పొయ్యండి, మీద చిన్న గ్లాసు మినరల్ ఆయిల్ పొయ్యండి, తొందరగా ఆవిరవదు. వంటనూనె వద్దు, అది మాగి ఇంకో కంపు తెస్తుంది.

డల్లాస్_చలి
నాదీ ఒకటి. మాది హీట్ పంప్, బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే రకం. నవంబర్ నుంచి ఏ వాసనా లేదు, నిన్న గడ్డకట్టే చలి వచ్చిన రాత్రి మాత్రం ఉన్నట్టుండి కమురు వాసన. ఇన్నాళ్ళూ నడిచింది కదా, దుమ్ము ఇప్పుడెక్కడిది?

ఫర్నేస్_మావయ్య
థర్మోస్టాట్‌లో ఆక్స్ హీట్ అని వెలిగి ఉంటుంది, చూడండి. బయట బాగా చల్లబడితే హీట్ పంప్ ఒక్కటే చాలక లోపలి ఎలక్ట్రిక్ కాయిల్స్ కూడా ఆన్ అవుతాయి. ఏడాదిగా వాటి మీద పేరుకున్న దుమ్ము నిన్న కాలింది. కొన్ని గంటల్లో పోతే వదిలేయండి. రేపటికీ ఉంటే, లేదా నీచుగా మారితే బ్రేకర్ దించి పిలవండి. హీట్ పంప్ ఇళ్ళలో తడిసిన సాక్సుల ముతక వాసన కూడా వస్తుంటుంది, అది లోపలి కాయిల్ మీద పెరిగే బ్యాక్టీరియా వల్ల. కాయిల్ కడిగిస్తే పోతుంది, ప్రమాదం కాదు.

డల్లాస్_చలి
అవును, ఆక్స్ అనే ఉంది. పొద్దున్నకి వాసన పోయింది.

కరీంనగర్_టు_నేపర్‌విల్
మావయ్యా, జాలీ దొరికింది. ఇండియా పోయే సూట్‌కేసుల కింద ఉండే. బకెట్ నీళ్ళు పోస్తే గటగట మింగింది, ఇంకోటి పోసిన. మినరల్ ఆయిల్ అంటే మందుల షాపుల దొరికేదేనా?

పప్పుచారు
అదే అండీ, ఫార్మసీలో మలబద్ధకం మందుల వరసలో ఉంటుంది. సువాసన కలపనిది తీసుకోండి. మావయ్య గారూ, మెర్వ్ 8 వేశాను, హీట్ ఆగకుండా నడుస్తోంది.